ఈడ అసొంటి పిల్ల లేదు

మా చాల్‌లోకి పోలీసు వస్తే ఏం చెయ్యాలో పిల్లలకు పలక పట్టించక ముందే నేర్పేవారు. ఏడవకూడదు. పరుగెత్తకూడదు. పేరు చెప్పకూడదు. ఎవరి గురించి అడిగినా "మాలూమ్ నహీ సాబ్, ఈడ అసొంటోళ్ళు లేరు" అనాలి. ఎవరి గురించి అడిగారో ఆ మనిషి మన పక్కనే కూర్చుని బియ్యం ఏరుతున్నా సరే, లేడనే అనాలి. బొంబాయిలో సానివాడగా పేరుపడ్డ కామాటిపుర నాలుగో గల్లీలో మా చాల్‌వి ఇరవై రెండు ఖోలీలు, వరసగా ఒంటి గదుల ఇళ్ళు, అన్నీ తెలుగువాళ్ళవే. ఇంతమందిమీ ఏ విషయంలోనూ కలిసి నిలబడ్డ పాపాన పోలేదు. నీళ్ళ నల్లా దగ్గర రోజూ జుట్టూ జుట్టూ పట్టుకుంటాం. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం అందరిదీ ఒకే నోరు.

1988 జూన్‌లో ఆ నోరు నన్నే మింగబోయింది.

నా పేరు రత్నాబాయి. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మా నాయిన బక్కయ్య తాపీ మేస్త్రి. వాశి వైపు కొత్త బిల్డింగుల దగ్గర పని, అక్కడే రేకుల షెడ్డులో ఉండి ఆదివారం ఇంటికి వచ్చేవాడు. అమ్మ చంద్రమ్మ ఇటుకలు మోసి మోసి నడుము పడిపోయాక ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టేది. నేను పన్నెండో తరగతి అయ్యాక టైపు నేర్చుకుని ఫోర్టులో ఒక షిప్పింగ్ ఆఫీసులో టెంపరరీ టైపిస్టుగా చేరాను. జూలై నుంచి పర్మనెంట్ చేస్తామన్నారు. మా ఖోలీల్లో ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపిల్లని నేనే కాబట్టి అందరికీ నా మీద ప్రేమా ఉండేది, కళ్ళూ ఉండేవి.

హాయిగా ఉండొచ్చు కదా. ఉండలేదు. మా ఆఫీసుకి ఒక కంప్యూటర్ వచ్చింది. గాజు గది కట్టి, ఏసీ పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి పొమ్మన్నారు, అదేదో గుడి అయినట్టు. మూడు వారాలు తిరగకుండా ఎవరి ఫ్లాపీలోంచో వైరస్ అనే పురుగు దూరి, ఓడల సరుకు జాబితా మొత్తం తుడిచిపెట్టింది. మేనేజరు నెత్తి కొట్టుకుంటుంటే ఒక కాలేజీ సార్ వచ్చారు. అది ఎక్కడ దూరిందో, ఎలా దూరిందో వెతికి పట్టుకుని ఏడు పేజీల రిపోర్టు రాశారు. ఆ రిపోర్టు టైపు చేసింది నేనే. నాలుగో పేజీలో నా వేళ్ళు ఆగిపోయాయి. అప్పటిదాకా నేను టైపు చేసిన ఏ కాగితాన్నీ చదివిందే లేదు. దాన్ని మాత్రం భోజనం మానేసి రెండుసార్లు చదివాను.

సార్ వాళ్ళ కాలేజీలో ఆ ఏడే కంప్యూటర్ల భద్రత మీద మూడేళ్ళ డిగ్రీ మొదలవుతోంది. ఇరవై సీట్లు. రాత పరీక్ష రాశాను, పిలిచారు. ఇంటర్వ్యూ చేసిన ముగ్గురిలో సార్ అడిగారు: "ఒక బ్యాంకులో కంప్యూటర్‌లోంచి ఏదో పోయింది. ముందు ఎవరిని అనుమానిస్తారు?"

"కామాటిపుర అడ్రసు ఉన్నవాళ్ళని" అన్నాను.

ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు. సీటు ఇచ్చారు.

ఇక మొదలైంది నా పీకులాట. ఆఫీసులో హెడ్‌క్లర్కు, "పిచ్చా నీకు? దేశంలో ఉన్న కంప్యూటర్లే పిడికెడు, వాటి కాపలాకి మళ్ళీ డిగ్రీనా? మూడేళ్ళ తర్వాత ఆ ఉద్యోగం ఉంటుందని ఎవరు రాసిచ్చారు? చేతిలో ఉన్న కుర్చీ వదులుకోకు" అన్నాడు. ఆయన చెప్పింది తప్పని అనలేకపోయాను. నాయిన మాత్రం ఒక ఆదివారం అన్నం తింటూ, "నేను ఒక బ్యాంకుల గసొంటి గదికి గోడలు కట్టిన బిడ్డా. డబల్ గోడ. కిటికీ లేదు. కట్టినంకా మమ్ములనే లోపటికి రానియ్యలే. గా గదిల నువ్వు కూసుంటవా?" అని అడిగాడు. కూర్చుంటానన్నాను. ఆ పూట ఆయన ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

అమ్మకి మాత్రం చదువు సంగతి అక్కర్లేదు. "జూలైల పక్కా అయితవు. ఇంకేం గావాలె నీకు?" అంతే ఆవిడ మాట.

అసలు చిక్కు ఫారంలో చివరి కాగితం దగ్గర వచ్చింది. చదువుకునేవాళ్ళు బ్యాంకుల కంప్యూటర్ గదుల్లోకి వెళ్ళాలి కాబట్టి పోలీసు విచారణ జరగాలట. ఠాణా వాళ్ళు ఇంటికి వచ్చి, ఈ మనిషి ఇక్కడే ఉంటుందా, ఎలాంటిది అని చుట్టుపక్కల అడిగి సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని శుక్రవారం పన్నెండు గంటల్లోపు కాలేజీలో ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది.

ఈ పోలీసు విచారణ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. ఎవరినో అనుకోవడం ఎందుకు, ఇదంతా నా తెలివితక్కువతనమే. చెబితే ఏమవుతుందో తెలుసు కాబట్టే నోరు మూసుకున్నాను. నాకు ఆరేళ్ళప్పుడు మా చిన్నమ్మ కిష్టమ్మ పని దిగి, చేతిలో అన్నం గిన్నెతో ఫాక్‌లాండ్ రోడ్ మీదుగా ఇంటికి వస్తోంది. ఆ సాయంత్రం అక్కడి సానికొంపల మీద పోలీసుల రెయిడు జరిగింది. దొరికిన ఆడవాళ్ళందరితోపాటు చిన్నమ్మనీ వ్యాన్ ఎక్కించారు. మా గల్లీ మొగలో మనవాళ్ళెవరినో, ఈమె ఇక్కడే ఉంటుందా అని పోలీసులు అడిగారట. ఆ పిచ్చి మాలోకం నిజమే చెప్పాడు: "అవును సాబ్, ఈ గల్లీలనే ఉంటది." ఈ గల్లీలో ఉంటుందంటే ఇంక అడగడానికి ఏముంది? అదే సాక్ష్యమైంది. అమ్మ ఠాణా దాకా పోయి, లోపలికి అడుగు వెయ్యలేక రోడ్డుకి అవతలే పొద్దుగూకేదాకా నిలబడి తిరిగొచ్చింది. మూడో రోజు నాయిన కంట్రాక్టరుని వెంటబెట్టుకుని పోయి విడిపించాడు. చిన్నమ్మ వారంలో పాలమూరు వెళ్ళిపోయింది. మళ్ళీ బొంబాయి మొహం చూడలేదు. ఆ రోజు నుంచి మా చాల్‌లో ఖాకీ బట్టలకి ఒకటే జవాబు.

పోలీసు రాకపోవచ్చులే, ఠాణాలోనే కూర్చుని ముద్ర కొట్టేస్తారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. భయపడ్డవాళ్ళు అలాంటివి చాలా చెప్పుకుంటారు.

గురువారం సాయంత్రం ఆరింటికి బస్సు దిగి గల్లీలోకి వచ్చేసరికి మొదటి ఖోలీ గంగాబాయి పెద్దమ్మ గడప మీదే ఉంది. చాల్‌కి పెద్దదిక్కు ఆవిడే. నన్ను చూస్తూనే గబుక్కున లేచి, రెక్క పట్టుకుని లోపలికి లాగి, నోట్లో బెల్లం ముక్క కుక్కింది.

"బతికిపోయినవే పోరీ! నీకోసం పోలీసోడు వచ్చిండు. పేరు, ఖోలీ నంబరు, మీ నాయిన పేరు, అన్నీ కాయితం మీద రాస్కొని వచ్చిండు. మేం ఊకుంటమా? ఒక్కటే మాట. ఈడ అసొంటి పిల్ల లేదు. పెంటమ్మ చెప్పింది, శాంతాబాయి చెప్పింది, పోచయ్య చెప్పిండు, నేను చెప్పిన. అందరం ఏలిముద్రలు గూడ ఏసినం!"

బెల్లం మింగకుండా బుగ్గనే పెట్టుకున్నాను. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. పోచయ్య బాబాయి బయట నిలబడి, "ఏం జేసినవో ఏమో, మేం అడగం. నువ్వు మా బిడ్డవు" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. ఏం చేశానని చెప్పను? పరీక్ష పాసయ్యానని చెప్పనా?

మా ఖోలీకి పరుగెత్తాను. అమ్మ తలుపు గడియ వేసుకుని ఉంది. గోడ మీద నా బడి ఫోటో లేదు. దండెం మీద నా బట్టలు లేవు. నా సర్టిఫికెట్ల సంచి పెంటమ్మ వాళ్ళ అటక మీదికి పోయింది. రేపు పొద్దున్నే నన్ను వర్లిలో మేనమామ నర్సింహులు ఇంటికి పంపేందుకు మూట కట్టి పెట్టింది. ఒక్క గంటలో నేను ఆ ఇంట్లో పుట్టనే లేదన్నట్టు చేసేసింది.

"అమ్మా, నువ్వేం చెప్పినవ్ ఆయనకి?"

"నాకు బిడ్డే లేదని చెప్పిన" అంది. బొటనవేలి మీది సిరా చూపించింది. "కాయితం మీద నా ఏలు గూడ పెట్టించిండు. నా పేరైతే చెప్పలే. ఏం జేసినవే? ఆఫీసుల ఏమన్న పోయిందా? నీ మీద పెట్టిన్రా?"

అప్పుడు చెప్పాను, అంతా. డిగ్రీకి పోలీసు కాగితం కావాలని, వచ్చినతను పట్టుకుపోవడానికి రాలేదని, నేనున్నానని రాసుకోవడానికే వచ్చాడని. అమ్మ విన్నది. నమ్మలేదు. "పోలీసోడు మంచికొస్తడా ఏడనన్న?" అంది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది. "వద్దు బిడ్డా. ఇడిసిపెట్టు. గా చదువు మనకొద్దు. టైపు కొట్టుకో సుఖంగ. ఠాణల నీ పేరొద్దు."

ఒళ్ళు మండిపోయింది. అరిచాను. మీ అందరి ప్రేమా తగలెయ్య అన్నాను. గంగాబాయి పెద్దమ్మ ఇచ్చిన బెల్లం ఇంకా బుగ్గన మిగిలి ఉంటే, నీళ్ళు పోయే మోరీలో ఉమ్మాను. అదంతా అయ్యాక మూలకి కూర్చుంటే, లోపల్లోపల నాకు హాయిగా అనిపించింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నిజంగా హాయిగా అనిపించింది. ఇక నేను తేల్చుకోవక్కర్లేదు. మూడేళ్ళ తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో అని కుమలక్కర్లేదు. చాల్ వాళ్ళు చెడగొట్టారు, నేనేం చెయ్యను అనొచ్చు. పర్మనెంట్ కుర్చీలో కూర్చుని అరవై ఏళ్ళదాకా ఆ మాటే అనుకుంటూ బతకొచ్చు. అలా బతికే నన్ను నేను ఊహించుకుంటే పోలీసుల కంటే ఎక్కువ భయం వేసింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకి పెంటమ్మ అటక మీది నుంచి సంచి దింపుకుని ఠాణాకి బయల్దేరాను. "నేను రాను. నాతోని గాదు" అంది అమ్మ, తలుపు వెనక నుంచి. రమ్మని నేనూ అడగలేదు.

ఠాణా మెట్లు ఎక్కాను. లోపల నిన్న వచ్చిన జమాదారే, ఆ హెడ్ కానిస్టేబులే, బల్ల దగ్గర ఉన్నాడు. పెద్దాయన, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. నా పేరు చెబితే రిజిస్టరు తీసి, తల ఎత్తి మరాఠీలో, "నిన్న నువ్వు లేవు. ఇవాళ ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాను" అన్నాను.

సర్టిఫికెట్లు తీసి బల్ల మీద పరిచాను. ఆయన వాటిని చూశాడు. వేలిముద్రల కాగితం పక్కన పెట్టాడు.

"నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. ఐదుగురు లేదన్నారు. ఇదిగో ఇది మీ పద్నాలుగో ఖోలీ ఆడమనిషిది. పేరు కూడా చెప్పలేదు, తనకి సంతానమే లేదంది. ఆవిడ నీకేమవుతుంది?"

"అమ్మ."

"అయితే పోలీసుకి అబద్ధం చెప్పింది. అది నేరం. ఆవిడ అబద్ధం ఆడిందని రాస్తే నువ్వు ఉన్నట్టు. ఆవిడ చెప్పింది నిజమైతే నువ్వు లేనట్టు. ఏది రాయను?"

ఆయన బెదిరించడం లేదు. విసుగ్గా, నిజంగానే అడుగుతున్నాడు. అందుకే మరీ భయం వేసింది. గోడ గడియారంలో పదీ పది. చిన్నమ్మ ఠాణా నుంచి వచ్చాక మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకోవడం గుర్తొచ్చింది. అమ్మని ఆ గదుల్లోకి నా నోటితో నేను తోయాలా? ఒక డిగ్రీ కోసమా? కాగితాలు గబగబా సంచిలో వేసుకున్నాను.

"ఏమీ రాయొద్దు సాహెబ్. పొరపాటైంది. నేను పోతాను."

"రాయి!"

వెనక్కి తిరిగాను. గుమ్మంలో అమ్మ. చెప్పులు లేవు. వానలో తడిసి కొంగు ఒంటికి అంటుకుపోయింది. నా వెనకాలే వచ్చి, ఎంతసేపటి నుంచి గుమ్మం బయట నిలబడి వింటోందో తెలియదు. లోపలికి వచ్చి బల్ల అంచు పట్టుకుంది.

"మేరీ బేటీ హై సాబ్. మై ఝూట్ బోలీ. పహిలే లిఖో, మేరీ బేటీ హై. బాద్ మే మేరేకు కిదర్ రఖ్‌నా, రఖో." తన బిడ్డనేనని ముందు రాయమంది, తర్వాత తనని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టుకోమంది.

జమాదారు కలం తీశాడు. పేరు అడిగాడు. అమ్మ చెప్పింది: చంద్రమ్మ. భర్త పేరు అడిగాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ ఆ పేరు పలకలేదు. రత్న వాళ్ళ నాయిన అనేది, లేకపోతే మా మేస్త్రి అనేది. నేను చెబుదామని నోరు తెరిచాను. జమాదారు చెయ్యి అడ్డం పెట్టి, "ఆవిడే చెప్పాలి" అన్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని, "బక్కయ్య" అంది.

లోపలి గది నుంచి ఇన్‌స్పెక్టర్ సాహెబ్ వచ్చాడు. నిన్నటిదీ ఇవాళ్టిదీ రెండు కాగితాలూ చదివాడు. నా ఫోటో చూశాడు, నన్ను చూశాడు, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు. "ఈమెని కూర్చోబెట్టు. నిన్నటి వేలిముద్రల పంచనామా సంగతి తర్వాత చూస్తాను" అని జమాదారుకి చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. జమాదారు అమ్మకి గోడ పక్క బల్ల చూపించాడు. నా చేతిలో కాగితం పెట్టాడు. పదకొండుకి ఐదు నిమిషాలు.

"పో" అంది అమ్మ.

"నిన్ను ఏం జేస్తరో తెల్వకుండ ఎట్ల పోవాలె?"

"పన్నెండైతే ఇయ్యరంట గద. పో పోరీ. నేను ఈడనే కూసుంట."

ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి. నెల రోజులుగా ఆ చదువు పనికొస్తుందా రాదా అని నన్ను నేను కొరుక్కుతిన్నాను. ఆ క్షణంలో జవాబు తెలిసింది. కన్నతల్లిని ఠాణా బల్ల మీద వదిలేసి పోయేంత గొప్ప చదువు లోకంలో లేదు. అది తెలిసి కూడా వెళ్ళాను. సిగ్గు లేకుండా పరుగెత్తాను.

బస్సులో నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. పక్కనున్నావిడ, జ్వరమా అని అడిగింది. అమ్మని లోపలికి తీసుకుపోయి ఉంటారు, కాదు ఇంకా బల్ల మీదే ఉంటుంది, కాదు వ్యాన్ ఎక్కించి ఉంటారు. నా బుర్ర ఒక్క స్టాపుకి పది రకాలుగా చెప్పింది. కాలేజీ కిటికీ దగ్గర పన్నెండుకి పది నిమిషాలు. గుమాస్తా కాగితం తీసుకున్నాడు. చదవలేదు. ఠప్పున ముద్ర కొట్టి ట్రేలో పడేసి, "నెక్స్ట్" అన్నాడు. దానికి అర నిమిషం కూడా పట్టలేదు. నాకు ఆ గుమాస్తా చొక్కా పట్టుకుని ఊపెయ్యాలనిపించింది.

జీవితంలో మొదటిసారి టాక్సీ ఎక్కాను. వాన జోరుగా పడుతోంది. ఠాణా మెట్లు రెండేసి ఎక్కి లోపలికి పోతే, అమ్మ అదే బల్ల మీద, అదే మూల, అలాగే కూర్చుని ఉంది. చేతులు మోకాళ్ళ మీద. కదిలిన గుర్తు కూడా లేదు.

జమాదారు నన్ను చూసి చెయ్యి విసిరాడు. "తీసుకుపో తల్లీ ఈమెని! సాహెబ్ పదకొండున్నరకే వదిలేశాడు. మళ్ళీ ఇలా చెయ్యొద్దని చెప్పి పంపించెయ్యమన్నాడు. మూడుసార్లు చెప్పాను, లేవదు. చాయ్ ఇస్తే తాగదు. నాకు పిచ్చెక్కిస్తోంది."

నేను అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆవిడ చేతులు మంచులా ఉన్నాయి.

"ఎందుకు లేస్తలేవమ్మా? పొమ్మన్నరట గద."

ఆవిడ జమాదారు వైపు ఒకసారి చూసి, ఆయనకి వినపడకుండా, "నేను లేస్తే నీ కాయితం చెల్లదేమోనని" అంది. తర్వాత అడిగింది, "ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ముద్ర కొట్టిన్రా?"

"కొట్టిన్రు."

"అయితే ఇగ లేవొచ్చునా?"

లేవొచ్చమ్మా అని, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని లేపాను.